ఉలవగింజ విప్పిన రక్త రహస్యం

ఉలవలు మనకు కొత్తవి కావు. కృష్ణా, గుంటూరు జిల్లాల పెళ్ళి విందుల్లో ఉలవచారు లేకపోతే విందు విందే కాదనేవారున్నారు. రాయలసీమలో ఉలవ గుగ్గిళ్ళు పిల్లలకు సాయంత్రపు చిరుతిండి. పొలం దున్నే ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టడం రైతు ఇంట తరతరాల ఆచారం. ఇంగ్లీషువాళ్ళు దీన్ని గుర్రపు దాణాగా చూసి ఆ అర్థం వచ్చే పేరే పెట్టారు.

ఇంత సామాన్యమైన ఈ గింజకు ఇంకొక ఉద్యోగం కూడ ఉంది. పెద్ద ఆసుపత్రుల బ్లడ్‌బ్యాంకుకు వెళ్ళి చూడండి. శీతలపెట్టెలో వరుసగా నిలబెట్టిన చిన్న సీసాలలో ఒకదానిలో ఉన్నది ఉలవల సారమే. ఒక చుక్క రక్తానికి ఒక చుక్క ఆ సారం కలుపుతారు. కొన్ని క్షణాలలో రక్తం విరిగిన పాలలాగా పలుకులు పలుకులుగా ముద్దకడుతుంది. లేదా ఏమీ జరగక నున్నగానే ఉండిపోతుంది. ఆ రెండింటిలో ఏది జరిగిందనేదాన్ని బట్టి ఆ రక్తం ఏ ఉపవర్గానికి చెందినదో తేలుస్తారు.

ఒక పప్పుధాన్యానికి మనిషి రక్తంలోని భేదం ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి సుమారు డెబ్బై ఏళ్ళు పట్టింది. ఆ జవాబుతోపాటు మన శరీరంలోని జీవకణాలు ఒకదానినొకటి ఎలా గుర్తుపడతాయన్న పెద్ద విషయం కూడ బయటపడింది.

ఆముదపు గింజతో ఆరంభం

కథ మొదలైంది ఉలవలతో కాదు, ఆముదపు గింజలతో. ఇప్పుడు ఎస్టోనియా దేశంలో ఉన్న టార్టూ నగరాన్ని ఆ రోజుల్లో డోర్పాట్ అనేవారు. 1888లో అక్కడి విశ్వవిద్యాలయంలో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి వైద్య పట్టా కోసం పరిశోధన చేస్తున్నాడు. ఆముదం తాగితే విరేచనం అవుతుంది, అంతే. కాని ఆముదపు గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఎందువల్ల? అతడు గింజల నుంచి విషాన్ని వేరుచేసి రిసిన్ అని పేరుపెట్టాడు. అదొక మాంసకృత్తు, ఈనాటి మాటలో ప్రోటీను. దాన్ని రక్తానికి కలిపి చూస్తే ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కట్టాయి.

ఆముదం వాడే ఇల్లాళ్ళు దీనికి భయపడనక్కరలేదు. రిసిన్ నీటిలో కరుగుతుందిగాని నూనెలో కరగదు. కాబట్టి గానుగాడినప్పుడు విషం పిండిలోనే ఉండిపోతుంది. ఆముదపు పిండిని పొలానికి ఎరువుగా వేస్తారేగాని పశువులకు మేతగా పెట్టరు. మన రైతులు ఈ సంగతిని అనుభవం మీద ఏనాడో తెలుసుకున్నారు.

మూడేళ్ళ తర్వాత, 1891లో, గురివింద గింజలోనూ ఇలాంటి విషమే ఉన్నదని తేలింది. దానిపేరు ఎబ్రిన్. కంసాలి త్రాసులో బంగారం తూచిన గురివింద ఇదే. తన నలుపు తానెరగదని మనం సామెతల్లో ఎత్తిపొడిచే గురివింద కూడ ఇదే. పై పెంకు గట్టిది కనుక గింజను నమలకుండా మింగితే తరచు అలాగే బయటికి పోతుంది. నమిలినా, పూసగా గుచ్చడానికి తొలిచిన గింజను మింగినా చాల అపాయం. గురివిందలు చూడముచ్చటగా ఉంటాయి గనుక చిన్నపిల్లల చేతికి అందకుండా ఉంచడం మంచిది.

బెర్లినులో పాల్ ఎర్లిక్ ఈ రెండు విషాలనూ తీసుకుని ఎలుకలపై ప్రయోగాలు చేశాడు. రోజూ అణుమాత్రం రిసిన్ తినిపిస్తూ పోతే ఎలుక క్రమంగా ప్రాణాంతకమైన మోతాదును కూడ తట్టుకున్నది. ఐతే అదే ఎలుకకు ఎబ్రిన్ ఇస్తే చచ్చిపోయింది. అంటే శరీరం ఏ విషానికి ఆ విషానికే వేరుగా విరుగుడు తయారుచేసుకుంటున్నదన్నమాట. అంతేకాదు, విషానికి అలవాటుపడ్డ తల్లి ఎలుక పాలు తాగిన పిల్లలకు కూడ ఆ రక్షణ సంక్రమించింది. తల్లిపాలలో రోగాన్ని అడ్డే శక్తి ఉన్నదనడానికి తొలి రుజువులలో ఇదొకటి. అది లభించింది ఆముదపు గింజ మూలంగానే.

ఒంటిచేతి శాస్త్రజ్ఞుడు

ఇక అమెరికాకు వెళదాం. జేమ్స్ సమ్నర్ అనే యువకుడు పదిహేడవ ఏట వేటకు పోయి, తుపాకి గుండు తగిలి ఎడమచేయి పోగొట్టుకున్నాడు. అతడిది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఒంటిచేతివాడికి రసాయనశాస్త్రం తగదు, వేరే చదువు చూసుకోమని పెద్దలు సలహా చెప్పారు. అతడు వినలేదు. కుడిచేత్తోనే అన్ని పనులూ నేర్చుకుని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

అతడు ఎన్నుకున్నది జాక్ బీన్ అనే చిక్కుడు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టం. ఆ గింజల నుంచి 1926లో యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా తీసి, ఎంజైములు ప్రోటీనులేనని నిరూపించాడు. దానికి 1946లో నోబెల్ బహుమానంలో సగం వచ్చింది. అంతకుముందే, 1919లో, అదే గింజల నుంచి మరొక ప్రోటీనును కూడ స్ఫటికంగా తీసి ఉంచాడు. దానిపేరు కాన్కనావలిన్ ఎ. అది ఎందుకు పనికివస్తుందో అప్పుడు తెలియలేదు.

1936లో సమ్నర్ తన సహచరుడు హోవెల్‌తో కలిసి ఈ ప్రోటీను కూడ కణాలను ముద్దకట్టిస్తుందని చూపాడు. అందులో ఒక విశేషం కనిపించింది. మిశ్రమంలో పంచదార వేస్తే ఆ ముద్దకట్టడం ఆగిపోయింది! గింజలోని ప్రోటీను పంచదారను పట్టుకుని కణాలను వదిలేసింది. ఐతే అది కణాల మీద కూడ పట్టుకునేది చక్కెరనే అయి ఉండాలి. మన ఎర్రకణాల మీద చక్కెర ఉన్నదా?

ఉంది. అక్కడే అసలు రహస్యం ఉంది.

కణం తొడుక్కునే చక్కెర చొక్కా

మన శరీరంలో ప్రతి జీవకణం పైనా చక్కెర గొలుసుల పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. కాఫీలో వేసుకునే పంచదార కాదిది. గెలాక్టోజ్, మానోజ్, ఫ్యూకోజ్ వంటి అనేక రకాల చక్కెరలు పూసలలాగా గుచ్చుకుని, కొమ్మలు కొమ్మలుగా సాగి, కణం పైపొరలోని ప్రోటీనులకూ కొవ్వులకూ తగిలించి ఉంటాయి. పోలీసువాడినీ పోస్టుమానునూ దుస్తులు చూసి గుర్తుపట్టినట్టు ఒక కణం మరొక కణాన్ని ఈ చక్కెర చొక్కాను చూసి గుర్తుపడుతుంది.

రక్తవర్గాల భేదం కూడ ఈ చొక్కా కొసనే ఉంది. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో మనుషుల రక్తాన్ని వర్గాలుగా విడదీశాడు. ఎ, బి, ఓ అని ఇప్పుడు మనం చెప్పుకునేవి అవే. ఐతే వాటి తేడా ఏ పదార్థంలో ఉన్నదో అప్పటికి తెలియదు. ఇది తేల్చడానికి లండనులోని లిస్టర్ సంస్థలో వాల్టర్ మోర్గన్, విన్‌ఫ్రెడ్ వాట్కిన్స్ 1952లో ఒక ఉపాయం చేశారు. ఒక జాతి చేప నెత్తురు మలుగుపాములా పొడుగ్గా ఉండే ఈల్‌ది. ఆ చేప నెత్తురు నీరు ఓ వర్గపు ఎర్రకణాలను ముద్దకట్టిస్తుంది. దానికి ఒక్కొక్క రకం చక్కెరనూ వేరువేరుగా కలిపి చూశారు. తక్కినవేవీ పనిచేయలేదుగాని ఫ్యూకోజ్ కలిపినప్పుడు ముద్దకట్టడం ఆగిపోయింది. కాబట్టి ఓ వర్గపు కణం కొసన ఉన్నది ఫ్యూకోజ్. ఈ పద్ధతినే ఒక చిక్కుడు సారంతో ఎ వర్గంపై ప్రయోగించి, అక్కడి గుర్తు ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ అనే చక్కెర అని కనుక్కున్నారు. బి వర్గానికి ఆ స్థానంలో ఉన్నది గెలాక్టోజ్.

ఎ, బి వర్గాల మధ్య భేదమంతా గొలుసు కొసనున్న ఒక్క పూసలో, ఆ పూసలోనూ కొద్ది పరమాణువుల తేడాలో ఉంది. అంత చిన్న తేడా తెలియక రక్తం ఎక్కిస్తే మనిషి చనిపోవచ్చు.

కిరాణాకొట్టు నుంచి ప్రయోగశాలకు

మనుషుల రక్తవర్గాలను గింజలు వేరుచేయగలవని కనుగొన్నవారిలో బోస్టనుకు చెందిన విలియం బాయిడ్ ఒకడు. 1945లో అతడు తన సహాయకుణ్ణి వీధి మొగనున్న కిరాణాకొట్టుకు పంపి లైమా చిక్కుడు గింజలు తెప్పించాడు. వాటిని నూరి సారం తీసి రక్తానికి కలిపితే, అది ఎ వర్గపు కణాలను గట్టిగా ముద్దకట్టించి తక్కినవాటిని వదిలేసింది. ఫిన్లాండులో రెన్కోనెన్ కూడ స్వతంత్రంగా ఇలాంటి ఫలితాలనే 1948లో ప్రకటించాడు. ఇలా ఏరి పట్టుకునే ప్రోటీనులకు బాయిడ్ 1954లో లెక్టిన్లు అని పేరుపెట్టాడు. ఏరుకొనుట అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరది.

ఇక మన ఉలవల వంతు. భారత సైన్యపు వైద్యశాఖలో జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే వైద్యుడు రక్తదాన విభాగంలో పనిచేస్తూ, మనదేశంలో దొరికే గింజలను ఒక్కొక్కటే పరీక్షిస్తూ వచ్చాడు. ఉలవల సారం ఎ వర్గపు కణాలను ముద్దకట్టిస్తుందని 1951లో బెంగుళూరు నుంచి వెలువడే ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించాడు. మరుసటి ఏడు ‘నేచర్’ పత్రికలో ఇంకొక ముఖ్యమైన సంగతి చెప్పాడు. ఎ వర్గంలో ఎ1, ఎ2 అని రెండు ఉపవర్గాలున్నాయి. తగినంత పలుచన చేసిన ఉలవసారం ఎ1 కణాలను మాత్రమే ముద్దకట్టిస్తుంది, ఎ2 కణాలను ముట్టదు.

దీనికి కారణం లెక్కలో ఉంది. ఎ1 ఎర్రకణం ఒక్కొక్కదానిమీద సుమారు 10 లక్షల ఎ గుర్తులుంటాయి. ఎ2 కణం మీద సుమారు 2½ లక్షలే. పలుచని ఉలవసారం దట్టంగా ఉన్న గుర్తులను పట్టుకుని కణానికీ కణానికీ వంతెన వేయగలదు. అరకొరగా ఉన్నచోట వేయలేదు.

ఈ తేడా వల్ల రోగికి ఒరిగేదేమిటంటారా? గుర్తులు మరీ తక్కువైన ఎ రక్తాన్ని పొరపాటున ఓ అని రాసే ప్రమాదముంది. ఎ2, ఎ2బి వర్గాలవారిలో కొందరి రక్తంలో ఎ1కు విరుగుడు ఉంటుంది. అలాంటివారికి ఏ రక్తం సరిపడుతుందో ముందే తెలియాలి. మూత్రపిండాల మార్పిడిలో సైతం ఇది ఉపయోగపడుతున్నది. ఎ2 వర్గపు దాత మూత్రపిండాన్ని తగిన జాగ్రత్తలతో ఓ లేక బి వర్గపు రోగికి అమర్చే వీలున్నది. ఇప్పుడు ఎ, బి వర్గాల మామూలు పరీక్షలకు ప్రయోగశాలలో తయారుచేసిన యాంటీబాడీలు వచ్చాయి. ఐనా ఎ1ను తేల్చడానికి ఉలవసారం ఈనాటికీ వాడుకలో ఉంది.

ఓ అనిపించే రక్తం ఓ కాకపోతే?

ఉలవల సంగతి తేలిన 1952లోనే బొంబాయిలో ఒక వింత బయటపడింది. డాక్టర్ వై.ఎం. భేండే, ఆయన తోటి పరిశోధకులు కొందరి రక్తం చూసి ఆశ్చర్యపోయారు. పరీక్షలో అది ఓ వర్గంలాగానే కనిపించింది. కాని వారి రక్తపు నీరు ఓ వర్గపు కణాలను సైతం ముద్దకట్టించింది. దీనికి బొంబాయి రక్తవర్గం అనే పేరు వచ్చింది.

దీని కారణం ఇంతకుముందు చెప్పిన చక్కెర గొలుసులోనే ఉంది. ఎ, బి గుర్తులు రెండూ ‘హెచ్’ అనే పునాది గొలుసు మీద కట్టినవే. ఓ వర్గంవారికి పైకట్టడం ఉండదు, పునాది మాత్రం ఉంటుంది. ఫ్యూకోజ్ ఉన్నది ఆ పునాదిలోనే. బొంబాయి వర్గంవారికి ఆ పునాది కూడ లేదు. కాబట్టి వారి శరీరం ఓ రక్తాన్ని కూడ పరాయిదిగా ఎంచి నాశనం చేస్తుంది. ఓ వర్గమే కదా అని రక్తం ఎక్కిస్తే ప్రాణాలు పోవచ్చు. వారికి బొంబాయి వర్గంవారి రక్తమే సరిపడుతుంది.

ఇక్కడ ఇంకొక గింజ సాయానికి వచ్చింది. ఐరోపాలో పచ్చని పూలు పూసే గోర్స్ అనే ముళ్ళపొద ఉంది. ఇంగ్లీషువారి వెంట నీలగిరి కొండలకు వచ్చి అక్కడ కలుపుమొక్కగా విస్తరించింది. దీని గింజలలోని లెక్టిను ఫ్యూకోజ్‌ను పట్టుకుంటుంది. ఓ వర్గపు రక్తానికి కలిపితే ముద్దకడుతుంది. బొంబాయి రక్తం మాత్రం నున్నగానే ఉండిపోతుంది. ఆ ఒక్క చుక్కతో సందేహం తీరిపోతుంది.

మనదేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఈ వర్గం ఉంటుందని అంచనా. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం సంక్రమిస్తేనే బిడ్డకు ఈ వర్గం వస్తుంది. దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళలో ఇద్దరికీ ఒకే పూర్వీకుని నుంచి ఆ లోపం దిగివచ్చే అవకాశం ఎక్కువ కనుక, మేనరికాలు సాగే కుటుంబాలవారు ఈ సంగతి తెలుసుకుని ఉండడం మంచిది. ఇంట్లో ఒకరిది బొంబాయి రక్తమని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలి. తల్లిదండ్రులకు ఈ వర్గం లేకపోయినా తోబుట్టువులలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశముంది. ఆపదవేళ రక్తం దొరికే దారి ఇంట్లోనే కనపడవచ్చు.

నిద్ర లేపిన చిక్కుడు

ఎర్రకణాలను తీసివేసి తెల్లకణాలను మాత్రమే మిగుల్చుకోవడానికి శాస్త్రజ్ఞులు రాజ్మా గింజల లెక్టినును వాడేవారు. ఎర్రకణాలు ముద్దకట్టి అడుక్కు దిగిపోతే పైన తెల్లకణాలు మిగులుతాయి. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ ఇలా వేరుచేసిన తెల్లకణాలను గాజుపాత్రలో ఉంచి చూస్తే అవి విభజన చెందుతూ కనిపించాయి. శరీరం బయట మామూలుగా నిద్రపోయే కణాలవి. విచారిస్తే వాటిని లేపింది పాత్రలో మిగిలిపోయిన ఆ రాజ్మా లెక్టినే!

కణం ఉపరితలం మీది చక్కెరను బయటినుంచి తాకితే చాలు, లోపలికి వార్త చేరుతుందని దీనితో తేలింది. జన్యుపరీక్షలకు కూడ ఇది వరమైంది. క్రోమోసోములు సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించేది కణం విభజన చెందే సమయంలోనే. ఇప్పుడు బిడ్డకు క్రోమోసోముల లోపం ఉన్నదేమోనని పరీక్షించాలంటే, కొద్దిగా రక్తం తీసి రాజ్మా లెక్టిను కలిపి రెండు మూడు రోజులు పెంచితే చాలు.

ప్రోటీనులను పట్టే గాలం

ఇంతదాకా చెప్పినది కణాల సంగతి. ప్రోటీనులను విడివిడిగా పరిశీలించడంలోనూ లెక్టిన్లు గొప్ప పనిముట్లు. రక్తంలో, కణాలలో వేలకొలది ప్రోటీనులు కలగాపులగంగా ఉంటాయి. వాటిలో చక్కెర తగిలించుకున్నవాటిని మాత్రం ఏరడం ఎలా?

1965లో అమెరికాలో బి.బి.ఎల్. అగర్వాల్, ఇర్విన్ గోల్డ్‌స్టైన్ దీనికి దారి చూపారు. చక్కెర గొలుసులతో చేసిన జిగురుపూసలను గాజుగొట్టంలో నింపి, పైనుంచి జాక్ బీన్ సారం పోస్తే, సమ్నర్ కనుగొన్న కాన్కనావలిన్ మాత్రం పూసలకు అతుక్కుంది, తక్కినదంతా కిందికి జారిపోయింది. తర్వాత గ్లూకోజ్ నీరు పోస్తే లెక్టిను పూసలను వదిలి శుద్ధరూపంలో బయటికి వచ్చింది. దీన్నే తిరగేసి, పూసలకు లెక్టినును అతికించి పైనుంచి ప్రోటీనుల మిశ్రమం పోయడం తర్వాత వాడుకలోకి వచ్చింది. అప్పుడు ఆ లెక్టినుకు సరిపడే చక్కెర ఉన్న ప్రోటీనులు చిక్కుకుని మిగిలినవి జారిపోతాయి. తిరగలి కింద రాళ్ళూ గింజలూ కలిసిపోతే చేటతో చెరిగి వేరుచేసినట్టుగా ఉంటుంది ఈ పని. ప్రపంచమంతటా జీవరసాయన శాస్త్రజ్ఞులకు ఇది నిత్యకృత్యమైపోయింది.

సోయాగింజ కాపాడిన పసిపిల్లలు

కొందరు పిల్లలు పుట్టుకతోనే రోగాలను ఎదిరించే శక్తి లేకుండా పుడతారు. మామూలు జలుబు కూడ వారికి మృత్యువే. ఇతరుల ఎముకమజ్జ ఎక్కిస్తే ఆ శక్తి వస్తుంది. ఐతే సరిగా జోడీ కుదరని మజ్జ ఎక్కిస్తే అందులోని పరిణతి చెందిన తెల్లకణాలు బిడ్డ శరీరాన్నే పరాయిదనుకుని దాడిచేస్తాయి. సరిపడే తోబుట్టువు లేని బిడ్డకు చాలాకాలం గతి లేకపోయింది. తల్లీతండ్రీ మజ్జ ఇస్తామన్నా అది సగమే సరిపోతుంది.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో నాథన్ షారన్, యాయిర్ రైస్నర్ సోయాచిక్కుడు లెక్టినుతో మజ్జలోని కణాలను వేరుచేసే పద్ధతిని రూపొందించారు. పరిణతి చెందిన కణాలు ముద్దకట్టి దిగిపోతాయి. కొత్త రక్తాన్ని పుట్టించగల మూలకణాలు పైన మిగిలిపోతాయి. మిగిలిన దాడికణాలను గొర్రె ఎర్రకణాల సాయంతో తీసివేస్తారు. ఈ మజ్జను 1980 తర్వాతి తొలి సంవత్సరాలలో న్యూయార్కులో ఇలాంటి పసిపిల్లలకు తల్లి లేక తండ్రి నుంచి ఎక్కించారు. జోడీ కుదరని మజ్జతోనే పిల్లలు బ్రతికి బయటపడ్డారు.

మన ప్రయోగశాలలలో

ఈ పనిలో మనదేశం వెనకబడలేదు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం. విజయన్, ఆయన శిష్యులు ఎక్స్‌రేల సాయంతో లెక్టిన్ల రూపురేఖలను పరమాణువు దాకా గీసి చూపారు. 1994లో వేరుశనగ గింజల లెక్టిన్ స్వరూపాన్నీ, 1996లో పనసగింజలలో ఉండే జాకలిన్ స్వరూపాన్నీ ప్రకటించారు. వేరుశనగ లెక్టిను అనేక రకాల కాన్సరు కణాలపై బయటపడే ఒక చక్కెర గుర్తును పట్టుకుంటుంది. జాకలిన్‌తో రక్తంలోనూ తల్లిపాలలోనూ ఉండే ఒక రకం యాంటీబాడీని శుద్ధిచేయవచ్చు. జాకలిన్ పనిలో మొదటి రచయిత ఐన ఆర్. శంకరనారాయణన్ తర్వాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో చేరారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మన పొట్లకాయ గింజల లెక్టినును వేరుచేసి పరిశీలించారు.

లెక్టిన్లు మొక్కల సొత్తే కాదు. మన శరీరంలోనూ ఉన్నాయి. గాయమైనచోట రక్తనాళపు లోపలి గోడమీద కొన్ని లెక్టిన్లు పైకి వస్తాయి. వడిగా పోతున్న తెల్లకణాల చక్కెరను అవి పట్టీ పట్టనట్టు పట్టి నెమ్మదిపరుస్తాయి. తెల్లకణాలు దొర్లుతూ ఆగి, గోడ దాటి గాయం దగ్గరికి చేరుతాయి. శత్రువు కూడ ఈ ఎత్తు నేర్చుకుంది. ఫ్లూ వైరస్ మన గొంతులోని కణాలను పట్టుకునేది ఇలాంటి ప్రోటీనుతోనే. హెచ్1ఎన్1 అని పత్రికల్లో చదువుతుంటాం కదా, అందులోని హెచ్ అనే అక్షరం సూచించేది ఎర్రకణాలను ముద్దకట్టించే ఆ ప్రోటీనునే.

మరి తినవచ్చునా?

ఇదంతా చదివాక ఇల్లాళ్ళకు ఒక సందేహం రావచ్చు. రక్తాన్ని ముద్దకట్టించే గింజలు తింటే అపాయం కాదా?

అక్కరలేదు. లెక్టిన్లు ప్రోటీనులు గనుక బాగా ఉడికితే వాటి ఆకారం చెడిపోయి శక్తి పోతుంది. ఉలవలు రాత్రి నానబెట్టి పొద్దున్న మెత్తగా ఉడకబెట్టే మన ఆచారం చాల మంచిది. జాగ్రత్తపడవలసింది రాజ్మా విషయంలో. సగం ఉడికిన రాజ్మా తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లేటట్టు పది నిమిషాలకు తక్కువ కాకుండా మరగనిచ్చి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నని సెగమీద మరగకుండా గంటలకొద్దీ ఉంచడం మాత్రం పనికిరాదు.

ఇక గురివిందలు, ఆముదపు గింజలు మాత్రం ఎంతమాత్రమూ తినే వస్తువులు కావు.

మీ ఇంట్లో ఎవరికైనా శస్త్రచికిత్స జరగవలసి వస్తే, రక్తవర్గం కాగితంమీద ఓ అని ఉన్నా, ఎక్కించబోయే రక్తాన్ని రోగి రక్తంతో సరిపోల్చి చూశారా అని వైద్యుణ్ణి అడగడానికి మొహమాటపడవద్దు. బ్లడ్‌బ్యాంకువారు ఆ పని ఎలాగూ చేస్తారు. వారి బల్లమీద ఆ చిన్న సీసాలో మీకు బాగా తెలిసిన ఉలవలే ఉండవచ్చు.